టీ మొదలుపెట్టాక గడ్డం ఎప్పుడొస్తుందని అడిగిన తమ్ముడికి

పోయిన వారం రాత్రి పదకొండు దాటాక ఫోన్‌కి ఒక మెసేజ్ వచ్చింది. "అన్నా, టీ షురూ చేస్తే గడ్డం ఎన్ని రోజులకొస్తది?" టీ అంటే తాగేది కాదు, టెస్టోస్టిరాన్ అనే మగ హార్మోను. అడిగింది కరీంనగర్ వైపు కుర్రాడు. ఇరవై ఒకటి నిండాయి, డిగ్రీ అయిపోయింది, హైదరాబాద్‌లో హాస్టల్లో ఉంటూ ఉద్యోగం వెతుక్కుంటున్నాడు. తెలిసినవాళ్ల ద్వారా నా నంబరు దొరికిందట. జవాబు రెండుసార్లు టైప్ చేసి రెండుసార్లూ చెరిపేశాను. "ఏడాది పైనే పడుతుంది" అని ఒక్క ముక్కలో చెప్పేస్తే అబద్ధమేమీ కాదు, కానీ దానివల్ల వాడికి ఒరిగేదీ లేదు. నాకు ఇరవై ఆరేళ్లప్పుడు నేనూ సరిగ్గా ఇదే ప్రశ్న పట్టుకుని తిరిగాను. తెలుగులో చెప్పేవాళ్లు ఎవరూ లేక రాత్రిళ్లు ఎవరెవరివో వీడియోలు చూస్తూ కూర్చునేవాణ్ని. అందుకే వాడికి రాయాల్సింది కొంచెం పెద్దగానే ఇక్కడ రాస్తున్నాను.

తెలియనివాళ్ల కోసం ఒక మాట. పుట్టినప్పుడు ఆడపిల్ల అని రాయించుకుని మగవాడిగా బతికే మాలాంటివాళ్లని ట్రాన్స్ మెన్ అంటారు. టెస్టోస్టిరాన్‌ని మేము ముద్దుగా టీ అంటాం. నేను గుంటూరు జిల్లావాణ్ని, 2021 ఆగస్టు నుంచి టీ మీద ఉన్నాను. డాక్టర్ని కాదు. నా ఒంటికి జరిగింది, నా డాక్టరు ఓపిగ్గా చెప్పింది, నాతోపాటు మొదలుపెట్టిన నలుగురైదుగురికి జరిగింది కలిపి చెబుతున్నాను. ఇందులో ఒక్కటే గుర్తుంటుందంటే ఇది గుర్తుపెట్టుకోండి: టీ మన తొందర వినదు, దాని వరస దానిది. మనం మీసం కోసం అద్దం ముందు కాచుకుని ఉంటే అది ముందు వీపు మీద మొటిమలు తెస్తుంది. ఆ వరస ముందే తెలిస్తే సగం టెన్షన్ ఉండదు, తప్పుడు దారులు తొక్కాలనీ అనిపించదు.

సూది కన్నా ముందు కొంత తతంగం ఉంది. నేను ముందు సైకియాట్రిస్టు దగ్గరికి మూడు సార్లు వెళ్లాను. నాకు జెండర్ డిస్ఫోరియా, అంటే పుట్టినప్పుడు రాసిన జెండర్‌కీ లోపల నేనెవరో అన్నదానికీ పొసగక పడే బాధ, ఉందని, హార్మోన్లు మొదలుపెట్టొచ్చని ఆయన ఉత్తరం రాసిచ్చారు. ఈ వైద్యానికి ప్రపంచమంతా చూసే ప్రమాణాలు డబ్ల్యూపాత్ అనే సంస్థవి. 2022లో వచ్చిన వాళ్ల ఎనిమిదో కూర్పు ప్రకారం పెద్దవాళ్లకి ఒక్క ఉత్తరం చాలు. ఆ ఉత్తరంతో ఎండోక్రైనాలజిస్టు దగ్గరికి వెళ్లాలి, అంటే హార్మోన్ల డాక్టరు. పద్దెనిమిది దాటిన మనిషికి తన ఒంటి గురించి సంతకం పెట్టే హక్కు తనదే. అయినా నేను మొదట వెళ్లిన ఆస్పత్రిలో డాక్టరు గారు నా ఫైలు తెరవకుండానే "పెళ్లయితే అన్నీ సర్దుకుంటాయమ్మా, ఈసారి మీ నాన్నగారిని తీసుకురా" అన్నారు. అప్పటికి మూడేళ్లుగా ఉద్యోగం చేస్తున్నాను, ఇంటికి డబ్బు పంపుతున్నాను. ఆ రోజు ఆటోలో తిరిగొస్తూ దారి పొడుగునా ఏడ్చాను. మీకూ అలాంటివాళ్లు తగిలితే అక్కడితో ఆగకండి, ఇంకో డాక్టర్ని వెతకండి. హైదరాబాద్‌లో 2021 జనవరిలో నారాయణగూడలో మిత్ర్ క్లినిక్ మొదలైంది, ట్రాన్స్‌జెండర్ వాళ్లే నడిపేవాళ్లు. కుర్చీలో కూర్చున్న మనిషికి మన సంగతి మొదటి నుంచి వివరించాల్సిన పని లేకపోవడం ఎంత హాయో అక్కడే తెలిసింది. అమెరికా నుంచి వచ్చే నిధులు ఆగిపోవడంతో 2025 జనవరిలో అది మూతపడినప్పుడు మాలో చాలామందికి ఇంట్లో మనిషి పోయినట్టయింది.

మొదలుపెట్టే ముందు రక్తపరీక్షలన్నీ చేస్తారు. హిమోగ్లోబిన్, హెమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల వాటా), లివర్, కొలెస్ట్రాల్, షుగరు, హార్మోన్ల లెవెల్స్. బీపీ చూస్తారు. గర్భం లేదని కూడా చూస్తారు, దానికి నొచ్చుకోకండి, కడుపులో బిడ్డ ఉన్నప్పుడు టీ అస్సలు పనికిరాదు కాబట్టి అందరికీ చేస్తారు. ఆ తర్వాత డాక్టరు అడిగిన ప్రశ్నకి మాత్రం నేను సిద్ధంగా లేను. "ముందు ముందు నీ రక్తం పంచుకున్న పిల్లలు కావాలనిపించే అవకాశం ఉందా? ఉంటే అండాలు దాచుకునే సంగతి ఇప్పుడే మాట్లాడుకుందాం" అన్నారు. నేను ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా వద్దు సార్ అనేశాను. టీ ఆపాక గర్భం దాల్చి బిడ్డల్ని కన్న ట్రాన్స్ మెన్ ప్రపంచంలో ఉన్నారు, కాబట్టి తలుపు పూర్తిగా మూసుకుపోతుందని కాదు, కానీ ఏళ్ల తరబడి వాడాక ఎవరికి ఎలా ఉంటుందో ముందే హామీ ఇవ్వలేరు. నా జవాబు ఈరోజుకీ వద్దనే. అయినా అప్పుడు ఒక వారం ఆలోచించి చెప్పి ఉండాల్సిందని అనిపిస్తుంది. మీరు ఆ వారం తీసుకోండి.

ఇక మొదటి సూది. మన దగ్గర ఎక్కువగా రాసేవి సస్టనాన్ 250, టెస్టోవిరాన్ డిపో లాంటి నూనె ఇంజెక్షన్లు. రెండు మూడు వారాలకోసారి కండకి వేస్తారు, ఎంత, ఎన్నాళ్లకి అన్నది డాక్టరు మన పరీక్షలు చూసి చెబుతారు. వెయ్యి మిల్లీగ్రాముల పెద్ద సూది ఇంకోటి ఉంది, మొదటి రెండు డోసుల తర్వాత సుమారు మూడు నెలలకి ఒకటి చాలు. అయితే అది ఖరీదు ఎక్కువ, వేశాక అరగంట అక్కడే కూర్చోబెడతారు, ఎందుకంటే అరుదుగా ఆ నూనె ఊపిరితిత్తుల్లోకి చేరి దగ్గు, ఆయాసం రావచ్చు. చర్మానికి రాసుకునే జెల్ కూడా ఉంది. జెల్ వాడేవాళ్లు అది పూర్తిగా ఆరాక చొక్కా వేసుకోవాలి, చేతులు సబ్బుతో కడుక్కోవాలి, రాసుకున్న చోటు పిల్లలకీ ఇంట్లో ఆడవాళ్లకీ తగలనివ్వకూడదు, వాళ్ల ఒంటికీ ఎక్కుతుంది.

నాకు రాసింది సస్టనాన్. నర్సక్క ఫైలు చూస్తూ "పల్లీలు పడతాయా నీకు?" అని అడిగింది. నాకు అర్థం కాలేదు. ఇడ్లీలోకి రోజూ పల్లీ చట్నీ తినే ఇల్లు మాది. విషయమేంటంటే ఆ మందు కలిపేది వేరుశనగ నూనెలో, పల్లీలు పడనివాళ్లకి అది ప్రమాదం. ఆమె ఆ చిన్న గాజు ఆంపూల్‌ని రెండు అరచేతుల మధ్య పెట్టి కాసేపు రుద్దింది, నూనె కాస్త వేడెక్కి పల్చబడితే సిరంజిలోకి తేలిగ్గా వస్తుందని. మెడ దగ్గర టక్కున విరిచింది. లావు సూదితో లాగుతుంటే లేత పసుపు నూనె తేనె కారినట్టు మెల్లిగా ఎక్కింది, మధ్యలో ఒక బుడగ పైకి పోవడానికి ఎంతసేపు పట్టిందో. తర్వాత సన్నటి సూది మార్చి పిరుదు పైభాగంలో వేసింది. గుచ్చినప్పుడు ఏమీ లేదు, నూనె లోపలికి దిగేటప్పుడు బరువుగా నొప్పి. రెండు రోజులు ఆ వైపు ఒత్తిగిలి పడుకోలేకపోయాను. ఇప్పుడైతే డాక్టరు నేర్పించాక నా తొడకి నేనే వేసుకుంటాను. ప్రతిసారీ కొత్త సూది, ఒకసారి కుడి తొడ, ఒకసారి ఎడమ. వాడిన సూదులు మందపాటి డబ్బాలో వేసి ఆస్పత్రికే ఇచ్చేస్తాను, చెత్త ఎత్తే మనిషి చేతికి గుచ్చుకోకూడదు కదా.

ఆ రాత్రి ఏమీ కాలేదు. పొద్దున్నే అద్దంలో అదే ముఖం.

ముందుగా వచ్చేది జిడ్డు. నెల తిరక్కుండానే ముఖం నూనె రాసినట్టు మెరవడం మొదలైంది. చెమట వాసన మారింది, దిండు గలీబు వాసన నాకే కొత్తగా అనిపించేది. ఆకలి విపరీతం, రెండు ప్లేట్ల భోజనం చేసి గంట తిరక్కముందే మళ్లీ వంటింట్లోకి. ఒళ్లంతా ఎప్పుడూ వేడి. మొటిమలు ముఖం కన్నా వీపు మీద, భుజాల మీద ఎక్కువ వచ్చాయి, చొక్కాకి అంటుకుని రక్తం మరకలయ్యేవి. స్కిన్ డాక్టరు దగ్గరికి వెళ్తే తగ్గుతాయి, గోళ్లతో గిల్లకండి. ఏడాది రెండేళ్లకి చాలామందికి వాటంతటవే నెమ్మదిస్తాయి.

పీరియడ్స్ ఆగడం. ఇది మనలో చాలామంది అన్నిటికన్నా ఎక్కువ ఎదురుచూసేది. మామూలుగా ఒకటి నుంచి ఆరు నెలల్లో ఆగిపోతాయి. నాకు నాలుగో నెలలో ఆగాయి. మధ్యలో రెండుసార్లు కొద్దికొద్దిగా మరకలు కనపడితే గుండె జారిపోయింది, మందు పనిచెయ్యట్లేదేమోనని. అది మామూలేనట. కానీ పూర్తిగా ఆగిపోయి నెలలు గడిచాక మళ్లీ రక్తం కనపడితే తేలిగ్గా తీసుకోకుండా డాక్టరుకి చూపించండి. ఇక్కడే ఇంకో ముఖ్యమైన సంగతి. పీరియడ్స్ ఆగాయంటే గర్భం రాదని కాదు. టీ గర్భనిరోధకం కానే కాదు. అండం విడుదల కావచ్చు, గర్భం రావచ్చు, ఆ బిడ్డకి టీ హాని చేస్తుంది. అవసరం ఉన్నవాళ్లు సిగ్గుపడకుండా డాక్టరుని అడిగి జాగ్రత్త తీసుకోండి.

కింద మార్పుల గురించి తెలుగులో ఎవరూ రాయరు, అందుకని నేను రాస్తాను. మొదటి ఆరు నెలల్లోనే క్లిటోరిస్, అంటే యోని పైన ఉండే చిన్న బుడిపె, పెరగడం మొదలవుతుంది, ఒకటి రెండేళ్లలో ఎంత పెరగాలో అంతా పెరుగుతుంది. మొదట్లో లోదుస్తులు రాసుకున్నా జివ్వుమంటుంది. కోరికలు ఎక్కువవుతాయి. యోని లోపలి పొర పల్చబడి పొడిబారుతుంది, మంట పుడుతుంది, పదే పదే ఇన్ఫెక్షన్లు రావచ్చు. దీనికి అక్కడే రాసుకునే ఈస్ట్రోజెన్ (ఆడ హార్మోను) క్రీములున్నాయి. ఒంట్లోకి ఎక్కేది చాలా తక్కువ కాబట్టి మీ మార్పులు వెనక్కి పోతాయని భయపడనక్కర్లేదు. నా ఫ్రెండ్ ఒకడు గైనకాలజిస్టు దగ్గర వరసలో కూర్చోలేక రెండేళ్లు ఆ మంట భరించాడు. గర్భాశయ ముఖద్వారం ఉన్నన్నాళ్లూ క్యాన్సర్ పరీక్ష కూడా అందరిలాగే చేయించుకోవాలి. వెయిటింగ్ హాల్లో జనం చూపుల సంగతి నాకు తెలుసు, గడ్డం ఉన్న మనిషి ఆ బెంచీ మీద కూర్చోవడం ఎంత కష్టమో. తోడు ఎవరినైనా తీసుకెళ్లండి. నేను వస్తాను.

గొంతు దగ్గర కొంచెం ఆగుతాను, నాకు ఇష్టమైన భాగం ఇది. మొదటి సూదికి ముందు రోజు ఫోన్‌లో పదమూడో ఎక్కం చదివి రికార్డు చేసుకున్నాను. పాటా పద్యమా అని ఆలోచించి చివరికి ఎక్కమే నయమనుకున్నాను, భావం లేకుండా ప్రతిసారీ ఒకేలా చదవచ్చని. ప్రతి నెలా ఒకటో తారీఖున అదే ఎక్కం. మొదటి రెండు నెలలు తేడా లేదు. మూడో నెలలో గొంతుకి జీర వచ్చింది, ఊళ్లో అమ్మ ఫోన్‌లో విని "జలుబు చేసిందా, మిరియాల కషాయం పెట్టుకుని తాగు" అంది. అప్పటికి తనకి చెప్పలేదు నేను. ఐదో నెల రికార్డులో "పదమూడు ఏడులు" దాకా బానే వెళ్లి "తొంభై ఒకటి" దగ్గర గొంతు రెండుగా చీలిపోయింది, సగం పాత గొంతు, సగం ఎవరిదో. ఎనిమిదో నెలకల్లా కస్టమర్ కేర్ వాళ్లు నన్ను సార్ అనడం మొదలుపెట్టారు. ఒకటి రెండేళ్లకి గొంతు స్థిరపడుతుంది. స్వరతంత్రులు మందమవడం వల్ల ఇదంతా. ఒకసారి దిగిన గొంతు టీ ఆపేసినా మళ్లీ పైకి పోదు. ఆ మధ్యలో బలవంతంగా గొంతు నొక్కి లోతుగా మాట్లాడకండి, నొప్పి పుడుతుంది, అలసిపోతుంది. రెండేళ్ల తర్వాత కూడా మీకు సరిపడనట్టుంటే స్పీచ్ థెరపిస్టులు సాయం చేస్తారు. పాడేవాళ్లయితే కొంతకాలం పాత శృతి దొరకదు, ఆ దిగులుకి సిద్ధపడండి.

కండ పట్టడం, పిరుదులు, తొడల దగ్గరి కొవ్వు పొట్టకి మారడం, దవడ కొంచెం వెడల్పుగా కనపడటం, ఇవన్నీ రెండు నుంచి ఐదేళ్ల వ్యవహారం. వ్యాయామం చేస్తే కండ త్వరగా కనపడుతుంది, ఊరికే కూర్చుంటే పొట్ట త్వరగా కనపడుతుంది.

ఇక తమ్ముడూ, నువ్వడిగిన గడ్డం. మొదలవడానికే ఆరు నుంచి పన్నెండు నెలలు. ముందు పై పెదవి మీద నూనూగు మీసాలు, తర్వాత గడ్డం కింద, మెడ మీద అక్కడొకటి ఇక్కడొకటి, చెంపలు అన్నిటికన్నా ఆఖరు. నిండుగా రావడానికి నాలుగైదేళ్లు పట్టడం మామూలే. అందులోనూ మీ నాన్న, మేనమామల వంశాన్ని బట్టి ఉంటుంది. మా ఇంట్లో మగవాళ్లెవరికీ చెంపల మీద దట్టంగా ఉండదు, నాకూ లేదు. నాతోపాటే మొదలుపెట్టిన కడప అబ్బాయికి పద్నాలుగు నెలలకే రోజూ గీసుకోవాల్సి వచ్చేది. మాకిద్దరికీ టీ లెవెల్స్ మాత్రం దాదాపు ఒకటే. కొందరు ముఖానికి మినాక్సిడిల్ అనే జుట్టు పెరిగే మందు రాస్తారు, అది డాక్టరుని అడిగి చెయ్యండి, ఇంట్లో పిల్లి ఉంటే అసలు దగ్గరికి రానివ్వకండి, వాటికి అది విషం. గడ్డం ఇచ్చే అదే వంశం తల మీది జుట్టు కూడా తీసుకుపోవచ్చు. మా తాతకి నలభై లోపే బట్టతల, నాకు ఇప్పటికే నుదురు రెండు వైపులా వెనక్కి జరుగుతోంది.

వెనక్కి పోనివి ఏవో మొదలుపెట్టే ముందే తెలుసుకోవాలి: గొంతు, ముఖం మీది వెంట్రుకలు, కింది పెరుగుదల, పోయిన జుట్టు. టీ ఆపేస్తే పీరియడ్స్ తిరిగొస్తాయి, కండ, కొవ్వు, చర్మం మెల్లగా పాత తీరుకి పోతాయి. టీ చెయ్యలేనివీ ఉన్నాయి. ఛాతీ పోదు. కొంచెం మెత్తబడి చిన్నదైనట్టు అనిపిస్తుంది కొందరికి, అంతే, దానికి సర్జరీనే దారి. ఎత్తు పెరగదు, ఎముకల ఎదుగుదల ఎప్పుడో ఆగిపోయింది. నేను అయిదడుగుల రెండంగుళాలు, అలాగే ఉన్నాను. ఛాతీ చదునుగా కనపడటానికి బైండర్ అనే బిగుతు లోదుస్తు కట్టుకునేవాళ్లు, ఏ బట్ట దొరికితే అది, ముఖ్యంగా క్రేప్ బ్యాండేజీ చుట్టకండి, ఊపిరి ఆడదు, పక్కటెముకలు దెబ్బతింటాయి. సరైన బైండరైనా రోజుకి ఎనిమిది గంటలు మించి వద్దు, రాత్రి పడుకునేటప్పుడు అసలే వద్దు.

ఇప్పుడు నాకు బాగా కోపం వచ్చే విషయం. మార్పులు త్వరగా రావాలని డోసు పెంచేసుకోవడం, జిమ్‌లో ఎవరో ఇచ్చిన సీసా వాడటం, డాక్టరు మూడు వారాలకి రాస్తే వారానికి ఒకటి వేసుకోవడం. ఇలా చేసిన తమ్ముళ్లని చూశాను నేను. ఎక్కువ టీ వేసుకుంటే గడ్డం త్వరగా రాదు. ఒంట్లో ఎక్కువైన టెస్టోస్టిరాన్‌లో కొంత ఈస్ట్రోజెన్‌గా మారిపోతుంది, అంటే దేన్నుంచి పారిపోతున్నామో దానికే మేత వేసినట్టు. అంతకన్నా పెద్ద ప్రమాదం రక్తం చిక్కబడటం. టీ ఎర్రకణాలని పెంచుతుంది, మరీ పెరిగితే రక్తం గడ్డకట్టే ముప్పు ఉంటుంది. దాన్ని చూసేదే హెమటోక్రిట్. నేను ఒక్క డోసు కూడా ఎక్కువ వేసుకోలేదు, అయినా 2023లో నాది 53 శాతానికి చేరింది. ఆ నెలంతా తలనొప్పి, ముఖం ఎర్రగా కందినట్టు ఉండేది, ఎండ వల్ల అనుకున్నాను. డాక్టరు మందు ఆపలేదు, డోసు చిన్నది చేసి దగ్గర దగ్గరగా వేసుకోమన్నారు, నీళ్లు బాగా తాగమన్నారు, గురక పెడతావా, సిగరెట్ తాగుతావా అని అడిగారు, ఆ రెండిటి వల్ల కూడా పెరుగుతుందట. నాలుగు నెలలకి 48కి దిగింది. ఆ రక్తపరీక్ష చేయించుకోకపోయి ఉంటే నాకు తెలిసేదే కాదు. అందుకే మొదటి ఏడాది మూడు నెలలకోసారి, తర్వాత ఏడాదికి ఒకటి రెండుసార్లు పరీక్షలు తప్పవు. టెస్టోస్టిరాన్, హెమటోక్రిట్, కొలెస్ట్రాల్, లివర్, బీపీ. టీ మంచి కొలెస్ట్రాల్‌ని తగ్గిస్తుంది కాబట్టి ఇంట్లో గుండెజబ్బులున్నవాళ్లు డాక్టరుకి ముందే చెప్పాలి.

లాబ్ రిపోర్టు గురించి ఒక్కటి చెప్పాలి, లేకపోతే మీరూ నాలాగే బెదిరిపోతారు. నా ఆధార్‌లో అప్పటికి ఆడ అనే ఉంది, అందుకని ల్యాబువాళ్లు ఆడవాళ్ల కొలతలతో పోల్చి రిపోర్టు ఇచ్చారు. టెస్టోస్టిరాన్ పక్కన ఎర్రగా రెండు గుర్తులు, హిమోగ్లోబిన్ పక్కన ఎర్ర గుర్తు. కౌంటరు దగ్గరి అమ్మాయి కంగారుపడి "మేడమ్, అర్జెంటుగా డాక్టర్ని కలవండి" అంది. మనకి చూడాల్సింది మగవాళ్ల కొలత, టెస్టోస్టిరాన్ డెసిలీటరుకి సుమారు 300 నుంచి 1000 నానోగ్రాముల మధ్య. నాది 610. ఆ ఎర్ర గుర్తుల మీద డాక్టరు పెన్నుతో గీత కొట్టి పక్కన "బాగుంది" అని రాశారు. ఆ కాగితం దాచుకున్నాను. పరీక్షకి ఏ రోజు వెళ్లామన్నది కూడా లెక్కే. సూది వేసుకున్న రెండో రోజు ఎక్కువ చూపిస్తుంది, వేసుకోబోయే ముందు రోజు తక్కువ చూపిస్తుంది, కాబట్టి ఎప్పుడు ఇవ్వాలో డాక్టరుని అడిగి వెళ్లండి.

మనసు సంగతి. టీ వేసుకుంటే కోపిష్టి అయిపోతావని అందరూ భయపెడతారు. నాకు కోపం పెరగలేదు, ఏడుపు తగ్గింది. బాధ అంతే ఉంటుంది, గొంతు దాకా వస్తుంది, కళ్లలోకి రాదు. మా నాయనమ్మ పోయినప్పుడు పాడె పక్కన నిలబడి ఏడవలేకపోయాను, ఎవరైనా నా ఒంట్లోంచి ఆ పట్టు విప్పితే బాగుండనిపించింది. మూడు వారాల సూదులప్పుడు చివరి నాలుగు రోజులు చిరాకు, నీరసం ఉండేవి, మందు ఒంట్లో తగ్గిపోవడం వల్ల. దగ్గర దగ్గరగా వేసుకోవడం మొదలుపెట్టాక అవి పోయాయి. మొత్తం మీద చూస్తే పదిహేనేళ్ల వయసు నుంచి నా వెనకాలే నడిచిన ఒక భారం మెల్లమెల్లగా దిగింది. అది ఒక రోజున తెలియలేదు. ఎప్పుడో ఒక ఆదివారం బట్టలు ఉతుకుతూ ఈల వేసుకుంటున్నానని గమనించాను. అలాగని టీ మనసు జబ్బులన్నిటికీ మందు కాదు. డిప్రెషన్‌కి మందులు వాడుతున్నవాళ్లు వాటిని మానెయ్యకండి.

ఇంట్లో ఎప్పుడు చెప్పాలి అని అడుగుతారు. గొంతు మారకముందే చెప్పడం మేలని ఇప్పుడు అనిపిస్తుంది. నేను దాచాను. ఆరో నెలలో సంక్రాంతికి ఊరెళ్లాల్సి వచ్చింది, ఇంకెంతకాలం జలుబని చెబుతాను? బస్సు దిగి ఇంట్లోకి వెళ్లి "అమ్మా" అని పిలిచాను. అమ్మ అరిసెల పిండి చేతులతోనే తిరిగి చూసింది. వెంటనే ఏమీ అనలేదు. పిండి పళ్లెం మీద మూత పెట్టి, చేతులు కడుక్కుని, మధ్యగదిలోకి రమ్మని తలుపేసింది. ఆ రోజు మాట్లాడుకున్నవన్నీ రాయను. అమ్మ అడిగిన ఆఖరి ప్రశ్న మాత్రం "ఇది రోజూ వేసుకోవాలా, జీవితాంతమా? లివర్ పాడవదా?" అని. జీవితాంతమేనమ్మా అన్నాను, లివర్ పరీక్ష కాగితం ఫోన్‌లో చూపించాను. అమ్మ నన్ను "అబ్బాయ్" అని పిలవడానికి ఇంకో రెండేళ్లు పట్టింది. చెల్లి మాత్రం ఆ సాయంత్రమే అన్నా అంది.

కాగితాల విషయం క్లుప్తంగా. 2014 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు నాల్సా (జాతీయ న్యాయ సేవల సంస్థ) కేసులో మన జెండర్ మనమే చెప్పుకోవచ్చని తీర్పిచ్చింది. 2019 ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల చట్టం, 2020 నియమాల కింద నేను 2022లో జిల్లా మేజిస్ట్రేట్ నుంచి ట్రాన్స్‌జెండర్ గుర్తింపు కార్డు తీసుకున్నాను, ఆధార్‌లో మార్పు దాని తర్వాతే చేయించుకున్నాను. గొంతు, ముఖం మారాక పాత ఫోటోతో బ్యాంకులో, రైల్లో, కొత్త ఉద్యోగంలో ఇబ్బంది మొదలవుతుంది కాబట్టి టీ మొదలుపెట్టిన రోజుల్లోనే ఈ పని కూడా చూసుకోండి. నిబంధనలు అప్పుడప్పుడూ మారుతుంటాయి, వెళ్లే ముందు ఒకసారి కనుక్కోండి.

ఇదంతా రాశాక వాడికి ఫోన్ చేశాను. గడ్డానికి ఏడాది పైనే అని చెబితే అవతల కొంచెంసేపు మౌనం. "మరి గొంతు అన్నా?" అన్నాడు. నా ఫోన్‌లోంచి మూడో నెల ఎక్కం, ఐదో నెల ఎక్కం, ఏడాది ఎక్కం వరసగా వినిపించాను. ఐదో నెలది మళ్లీ పెట్టమన్నాడు. మళ్లీ పెట్టాను. సైకియాట్రిస్టు ఉత్తరం వాడి చేతికి వచ్చేసింది, శనివారం మొదటి రక్తపరీక్షలు. పొద్దున ఏడింటికి ల్యాబ్ దగ్గర కలుద్దామని చెప్పాను. రాత్రి తొమ్మిది తర్వాత ఏమీ తినొద్దన్నాను, మంచినీళ్లు తాగొచ్చన్నాను, పొట్టి చేతుల చొక్కా వేసుకు రమ్మన్నాను.